ఉప్పుమళ్ళ మీద పడవలు: పోర్తొరోజ్‌లో అయిదు రోజులు

మా నాన్న చినగంజాం ఉప్పుకొఠార్లలో నలభై ఏళ్ళు పనిచేశాడు. కూలీగా మొదలుపెట్టి, తర్వాత నాలుగు మళ్ళు కౌలుకు తీసుకుని, మోకాళ్ళు మాట విన్నంత కాలం ఆ గట్ల మీదే తిరిగాడు. మొన్న జూన్‌లో ఆరు వారాలుండి పోదామని మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చాడు. చర్చిలు, రాజుల కోటలు, ఎండాకాలంలో కూడా కరగని మంచుకొండ, అన్నీ తిప్పి చూపించాను. అన్నిటికీ ఒకటే మాట, "బాగుందబ్బయ్యా" అని. ఒకరోజు సముద్రం చూద్దామా నాన్నా అన్నాను. సోఫాలో పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు.

మ్యూనిక్‌కి సముద్రం దూరం. ఉత్తరానికి పోతే చలి నీళ్ళు, దక్షిణానికి పోతే ఆడ్రియాటిక్. వెనిస్ జనం గోల నాకు పడదు. స్లొవేనియాలో పోర్తొరోజ్ అనే ఊరు ఎంచుకున్నాను. ఇంటర్నెట్‌లో పెద్ద మరీనా, అంటే సొంత పడవలు కట్టేసుకునే రేవు, అందులో వరసగా తెల్ల పడవలు కనిపించాయి, రూమ్ చవగ్గా దొరికింది. అంతకు మించి కారణం లేదు. ఆ ఊరికీ ఉప్పుకీ సంబంధం ఉందని అప్పటికి నాకు తెలియదు.

మొదటి రోజు

పొద్దున రైలు. ఆస్ట్రియా కొండల్లోంచి ల్యుబ్లియానా దాకా దాదాపు ఆరున్నర గంటలు. అది గంట లేటైంది, దానివల్ల బస్సు పోయింది. నాకు టెన్షన్. నాన్నకేం లేదు. బస్టాండు బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా మూత తీశాడు. "బస్సు ఒకటి పోతే ఇంకోటి రాదంటరా?" అన్నాడు. వచ్చింది, రెండు గంటల తర్వాత.

స్లొవేనియాకి ఉన్న సముద్రతీరం మొత్తం 46.6 కిలోమీటర్లు. ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లని బళ్ళో బట్టీపట్టిన వాడిని కాబట్టి, ఒక దేశానికి ఇంతేనా అని నవ్వొచ్చింది. మా ఊరి నుంచి నెల్లూరు కూడా చేరుకోం అంత దూరంలో. ఆ కాస్త తీరంలోనే కోపర్, ఇజోలా, పిరాన్, పోర్తొరోజ్ అన్నీ ఇరుక్కుని ఉన్నాయి.

దిగేసరికి రాత్రి ఎనిమిదిన్నర. జూన్ కదా, ఇంకా వెలుతురు పోలేదు. మా రూము మరీనాకి దగ్గర్లో, లూసియా అనే పేటలో. సామాను పడేసి నడిచాం. దూరం నుంచి చూస్తే ఆకులు రాలిన సరుగుడు తోటలా ఉంది, నిటారుగా కొయ్యలు, కొయ్యలు, కొయ్యలు. దగ్గరికెళితే ఒక్కో కొయ్య కింద ఒక్కో తెల్ల పడవ. నాన్న రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గాలి పీల్చాడు.

"ఇన్ని పడవలున్నయ్. చేపల వాసన లేదేందిరా?"

ఆ రాత్రి కాస్త గాలి లేచింది. తెరచాప తాళ్ళు అల్యూమినియం స్తంభాలకు కొట్టుకుని టింగు టింగుమని ఒకటే మోత. వందల పడవలు కదా, ఒక్కోటి ఒక్కో లయ. వెయ్యి మేకలు మెడ గంటలతో ఒకేచోట నిలబడినట్టుంది. నాకు నిద్ర పట్టలేదు. నాన్న గురక పెట్టాడు.

రెండో రోజు

పొద్దున్నే మళ్ళీ మరీనాకే. నీళ్ళమీద తేలే చెక్క నడవలకు గేట్లుంటాయి, బయటివాళ్ళను రానివ్వరు. గేటు పక్కనే ఒక ఆస్ట్రియా పెద్దాయన బకెట్టు పట్టుకుని పడవ కడుగుతున్నాడు. నాకు జర్మన్ వచ్చు కాబట్టి మాట కలిసింది. మా నాన్న సముద్రం పక్క ఊరివాడని చెబితే గేటు తీసి రమ్మన్నాడు.

అక్కడ పడవ కట్టే పద్ధతి దగ్గర్నుంచి చూశాం. నడవకి రెండు తాళ్ళు. మూడోది అడుగున సిమెంటు దిమ్మకు కట్టి ఉంటుంది, పడవ రాగానే దాన్ని నీళ్ళలోంచి లాగి రెండో కొసకి బిగిస్తారు. పక్క పడవకి రాసుకోకుండా మధ్యలో గాలి నింపిన రబ్బరు బుడగలు. ప్రతి రెండు పడవలకీ ఒక చిన్న స్తంభం, దానికి కరెంటు ప్లగ్గు, నీళ్ళ కుళాయి. "మన వీధి కుళాయి కంటే నయం, ఇరవై నాలుగ్గంటలూ వస్తాయేమో" అన్నాడు నాన్న. ఏటా ఒకసారి పడవని క్రేనుతో పైకెత్తి, అడుగున అంటుకున్న పాచి, గవ్వలు గీకి, మళ్ళీ అంటుకోకుండా మందు కలిపిన రంగు వేస్తారట. మా వైపు పడవల్ని ఇసకలోకి లాక్కొచ్చి చేసే పని ఇదే. ఇక్కడ లాగడానికి నలభై మంది భుజాలు అక్కర్లేదు, అంతే తేడా.

ఏడాదిలో ఎన్నిరోజులు సముద్రం మీదికి పోతారని అడగమన్నాడు నాన్న. పెద్దాయన సిగ్గుపడుతూనే చెప్పాడు, మూడు వారాలు, బాగా కుదిరితే నాలుగు. స్థలానికి మాత్రం సంవత్సరమంతా అద్దె. నాన్న ఏమీ అనలేదు. గేటు దాటాక అన్నాడు. "పనిలేని ఎద్దుని మేపినట్టు."

అసలు సంగతి రూముకి తిరిగొచ్చాక తెలిసింది. ఇంటామెకి డెబ్బై దాటి ఉంటాయి. కాఫీ పోస్తూ, మరీనా ఎలా ఉందని అడిగింది. బాగుందన్నాం. తను చిన్నప్పుడు అక్కడ మరీనా లేదని, అదంతా ఉప్పుమళ్ళని చెప్పింది. లూసియా ఉప్పుమళ్ళు. 1970లలో ఆ మళ్ళ చోటే ఈ మరీనా వచ్చింది. నేను తెలుగులో చెప్పేసరికి నాన్న కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

"ఆ పడవలున్న చోటా?"

"ఆ పడవలున్న చోటే."

"మళ్ళు తవ్వేసి నీళ్ళు వదిలారన్నమాట" అని కాసేపు గోడ కేసి చూశాడు. తర్వాత ఆమెని అడగమన్నాడు, ఇంకెక్కడైనా ఉన్నాయా అని. ఉన్నాయంది. సరిహద్దు దగ్గర, సెచోవ్లియేలో, ఇప్పటికీ చేత్తోనే తీస్తున్నారట. నాన్న అప్పుడే బయల్దేరేవాడే, నేను రేపన్నాను.

ఆ మధ్యాహ్నం పిరాన్. బస్సులో పావుగంట. సముద్రంలోకి పొడుచుకొచ్చిన ముక్కు మీద కట్టిన రాతి ఊరు. ఊళ్ళోకి కార్లు రానివ్వరు. 1283 నుంచి 1797 దాకా వెనిస్ వాళ్ళ కింద ఉంది. ఉప్పు మీద అజమాయిషీ అంతా వెనిస్‌దే. పిరాన్ ఇళ్ళూ, చర్చీ, గోడలూ ఉప్పు డబ్బుతో లేచినవని అక్కడివాళ్ళే చెప్పుకుంటారు.

నడిబొడ్డున తార్తీనీ చౌకు. తెల్ల రాయి పరిచిన కోలాకారపు మైదానం. ఇది కూడా ఒకప్పుడు నీళ్ళే. ఊరి లోపలి రేవు, చిన్న పడవలు ఆగే చోటు. మురుగు చేరి కంపు కొడుతుంటే 1894లో పూడ్చేశారు. ఒకచోట మళ్ళు తవ్వి రేవు చేశారు, ఇంకోచోట రేవు పూడ్చి మైదానం చేశారు. మధ్యలో వయొలిన్ పట్టుకున్న విగ్రహం జుసెప్పే తార్తీనీది. 1692లో ఈ ఊళ్ళోనే పుట్టాడు. కలలో దయ్యం వచ్చి వయొలిన్ వాయించిందని, లేచి గుర్తున్నంత రాసుకున్నాడని, అదే 'డెవిల్స్ ట్రిల్' సొనాటా అని కథ. వయొలిన్ అనగానే నాన్న ద్వారం వెంకటస్వామినాయుడు పేరెత్తాడు, రేడియో కాలం మనిషి కదా. తార్తీనీ తండ్రి ఫ్లారెన్స్ నుంచి వచ్చి ఇక్కడి ఉప్పు వ్యవహారాల్లో ఉద్యోగం చేసినవాడని చెప్పాను. "అట్టయితే మనోళ్ళే" అని విగ్రహం పక్కన ఫోటో దిగాడు. దానికి ముందు అడిగినా దిగలేదు.

కొండమీద సెయింట్ జార్జి చర్చి గంటల గోపురాన్ని వెనిస్‌లోని సాన్ మార్కో గోపురాన్ని చూసి కట్టారు. మెట్లు నేనొక్కడినే ఎక్కాను. పైనుంచి ఎర్ర పెంకుల కప్పులు, అవతల క్రొయేషియా తీరం. కింద వీధి పేర్లన్నీ రెండు భాషల్లో, స్లొవేనియన్, ఇటాలియన్. 1910లో ఇక్కడ పుట్టిన మనిషి ఇల్లు కదలకుండానే ఆస్ట్రియా, ఇటలీ, యుగోస్లావియా, స్లొవేనియా నాలుగింటినీ చూసి ఉంటాడు. మధ్యలో 1947 నుంచి 1954 దాకా ఇది త్రియేస్తే స్వేచ్ఛా ప్రాంతం అనే ఇంకో ఏర్పాటు కింద కూడా ఉంది. ఆ తర్వాత ఇటాలియన్లు చాలామంది ఊరొదిలి పోయారు. ఇంకో విశేషం, యుగోస్లావియా రోజుల్లో ఘనా నుంచి మెడిసిన్ చదవడానికొచ్చి ఇక్కడే స్థిరపడ్డ పీటర్ బాస్‌మన్ అనే డాక్టర్ 2010లో ఈ ఊరికి మేయరయ్యాడు.

తిండి దగ్గర మాత్రం ఇబ్బంది. నాన్న శనివారం నీచు ముట్టడు. ఆరోజు శనివారం. రేవు పక్క హోటళ్ళన్నిటా చేపలే. చివరికి బంగాళదుంప ఉండల్లాంటి 'న్యోకి' దొరికింది. ఊరగాయ పాకెట్టు జేబులోంచి తీసి దాన్లో కలుపుకున్నాడు. నేను అటూ ఇటూ చూశాను, ఎవరూ పట్టించుకోలేదు.

మూడో రోజు

నాన్న ఆరింటికే తయారు. తెల్ల పంచె కట్టాడు. మ్యూనిక్‌లో ఒక్కరోజు కట్టలేదు. అడిగితే, "మళ్ళ దగ్గరికి ప్యాంటు వేసుకు పోతారా?" అన్నాడు.

సెచోవ్లియే ఉప్పుమళ్ళు ఆరు వందల హెక్టార్ల పైమాటే. ఇప్పుడది రక్షిత ఉద్యానం, పక్షులకు పేరుపడ్డ చోటు, 1993 నుంచి రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో ఉంది. రెండు భాగాలు. లేరా వైపు ఇంకా ఉప్పు తీస్తున్నారు. కాలువ అవతల ఫొంతనిజ్జే వైపు 1960లలో ఆపేశారు. అక్కడ కప్పులు కూలిన రాతి ఇళ్ళు మళ్ళ మధ్య వరసగా నిలబడి ఉన్నాయి. ఏప్రిల్‌లో సెయింట్ జార్జి పండుగ నాటికి పిరాన్ నుంచి కుటుంబాలు పిల్లాజెల్లాతో పడవల్లో ఇక్కడికి వచ్చేసి, ఆగస్టు 24 సెయింట్ బర్తొలొమ్యూ పండుగ దాకా ఉండేవట. కింద ఉప్పు, పైన కాపురం.

నాన్న గట్టు మీదికి రాగానే నడక మారింది. మోకాళ్ళ నొప్పి మనిషి, గట్టు అంచున మాత్రం ఎటూ తూలకుండా పోతున్నాడు. నేనే రెండుసార్లు జారాను.

గైడు ఒక పాతికేళ్ళ అమ్మాయి, ఇంగ్లీషులో చెబుతోంది. పోటుకి తూముల గుండా సముద్రపు నీళ్ళు లోపలికి తీసుకుంటారు. ఆడ్రియాటిక్ ఈ చివర ఆటుపోట్లకు మీటరు దాకా తేడా ఉంటుంది, అదే ఇక్కడ పనికొచ్చేది. ఆ నీళ్ళు ఒక మడి నుంచి ఇంకో మడికి పోతూ ఎండకీ గాలికీ చిక్కబడి చివరి మడిలో ఉప్పు కడుతుంది. ఇదంతా నేను తెలుగు చేసి చెబుతుంటే నాన్న చెయ్యి ఊపాడు. "అది నాకెందుకు చెబుతావురా. డిగ్రీ ఎంతకి వస్తదో అడుగు."

అడిగాను. ఆ అమ్మాయి నన్ను వదిలేసి ఆయన వైపు తిరిగింది. గాజు గొట్టం లాంటి సాధనం తెచ్చి, గ్లాసులో ఉప్పునీళ్ళు పోసి అందులో తేలేసింది. నాన్న వంగి చూసి వేళ్ళతో చూపించాడు, రెండు, అయిదు. ఆమె తలూపింది. ఇరవై అయిదు. బోమే డిగ్రీలు, ఉప్పునీళ్ళ చిక్కదనానికి కొలత. చినగంజాంలోనైనా ఇక్కడైనా ఉప్పు ఆ లెక్కకే గడ్డకడుతుంది. తర్వాత వాళ్ళిద్దరూ నన్ను పెద్దగా పట్టించుకోలేదు.

తెలియనిది ఒకటే ఉంది ఆయనకి, పెతోలా. మడి అడుగున సెంటీమీటరు మందాన ఒక పొర. సూక్ష్మజీవులు, జిప్సమ్, బంకమట్టి కలిసి అల్లుకున్న చాప లాంటిది. ఉప్పు మట్టితో కలవకుండా ఇది అడ్డం ఉంటుంది. అందుకే ఇక్కడి ఉప్పు కడగకుండానే తెల్లగా వస్తుంది. ఈ విద్య 14వ శతాబ్దంలో క్రొయేషియాలోని పాగ్ దీవి ఉప్పు పనివాళ్ళ నుంచి వచ్చింది. ఏటా వసంతంలో దాన్ని శుభ్రం చేసి, చదును చేసి, బతికించుకోవాలి. తొక్కితే చిరుగుతుంది. అందుకని పూర్వం పనివాళ్ళు కాళ్ళకి 'తపెరీనీ' అనే చెక్కపలకలు కట్టుకునేవాళ్ళు.

మా వైపు పద్ధతి దీనికి తలకిందులు. మడి అడుగుని వరసగా నిలబడి తొక్కి తొక్కి రాయిలా చేస్తారు. మా నాన్న పాదాలు ఎడంగా, పగిలి ఉండడానికి ఆ తొక్కుడే కారణం. ఎంత తొక్కినా ఉప్పులో మట్టి కాస్తయినా వస్తుంది, మట్టి రంగు చూసి వ్యాపారి ధర తగ్గిస్తాడు. నాన్న గట్టు మీద గొంతుక్కూర్చుని, అంచున ఎండిన పెతోలా ముక్క ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. గోటితో గీరాడు. వాసన చూశాడు.

"ఇది మన దగ్గర నిలవదు. వానలకి కొట్టుకుపోతది."

ఇక్కడా మంచినీళ్ళే దానికి శత్రువని, అందుకే చలికాలమంతా ఉప్పునీళ్ళ కింద ఉంచుతామని ఆ అమ్మాయి చెప్పింది. నాన్న ఒప్పుకోలేదు. "వాళ్ళ వాన వేరు, మన తుపాను వేరు అని చెప్పు." చెప్పాను.

సాయంత్రం లాగుడు మొదలైంది. పొడుగు కర్రకి అడ్డపలక బిగించిన పనిముట్టు, వాళ్ళు 'గవెరో' అంటారు. మా వైపుదీ దాదాపు ఇదే. ఒక పనివాడు, యాభై ఏళ్ళ మనిషి, ఉప్పుని మెల్లగా మడి మధ్యకి కుప్ప చేస్తున్నాడు. నాన్న చూస్తూ నిలబడ్డాడు. ఆ మనిషి ఆగి, పంచె కేసి, పాదాల కేసి చూసి, కర్ర చాచాడు. నాన్న చెప్పులు విప్పి చెక్క మీద నిలబడి అందుకున్నాడు. మొదటి లాగుడు లోతుగా పడింది. ఆ మనిషి "న్యె, న్యె" అన్నాడు, చేత్తో పైపైన అని చూపించాడు. రెండోది కుదిరింది. పలక కింద ఉప్పు సరసరమంది, పెతోలా నల్లగా, నున్నగా, చెక్కుచెదరకుండా బయటపడింది. మూడు లాగుళ్ళు లాగి కర్ర ఇచ్చేశాడు. చేతులు పంచెకి తుడుచుకోలేదు. నాలుక్కి అద్దుకున్నాడు.

"ఎలా ఉంది నాన్నా?"

"ఉప్పే."

తిరిగొచ్చే దారిలో ఉప్పు కొట్టు. నీళ్ళ మీద తేలే పలచటి స్ఫటికాలను 'ఉప్పు పువ్వు' పేరుతో అరచేతిలో పట్టే డబ్బాల్లో అమ్ముతున్నారు. ఉప్పు వేసిన చాక్లెట్ కూడా ఉంది. ధర నేను రూపాయల్లోకి మార్చి చెబితే, ఆ డబ్బుకి మన దగ్గర బస్తా వస్తుందన్నాడు. కొనొద్దన్నాడు. నేను బిల్లు కడుతుంటే, ఇంకో డబ్బా తెచ్చి కౌంటరు మీద పెట్టాడు.

నాలుగో రోజు

ఇజోలా. పేరుకి అర్థమే దీవి. ఒకప్పుడు దీవే, 19వ శతాబ్దం మొదట్లో మధ్యలో నీళ్ళు పూడ్చి నేలకి కలిపేశారు. సార్డీన్ చేపలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలతో బతికిన ఊరు. ఇక్కడా ఒక మరీనా ఉంది, దాన్ని చూడకుండానే దాటేశాం. దాని అవతల చిన్న రేవులో వేట పడవలు, పసుప్పచ్చ వలల గుట్టలు. నాన్న ఆగి గాలి పీల్చాడు. "ఆఁ, ఇది" అన్నాడు. వల కుట్టుకుంటున్న ముసలాయన పక్కన అరగంట కూర్చున్నాడు, ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోకుండా.

ఈ తీరం కథ ఒకటి నాకు భలే నచ్చింది. ఇటలీ వాళ్ళ 'రెక్స్' అనే ఓడ, 268 మీటర్ల పొడుగు, 1933లో అట్లాంటిక్ దాటడంలో వేగానికి రికార్డు కొట్టింది. యుద్ధంలో దాన్ని ఇజోలా, కోపర్ మధ్యకి తెచ్చి దాచారు. 1944 సెప్టెంబరు 8న బ్రిటిష్ విమానాలు బాంబులేసి ముంచాయి. అక్కడ లోతు లేదు, ఒక పక్కకి ఒరిగి సగం పైకి తేలే ఉండిపోయింది. యుద్ధం అయ్యాక ముక్కలు కోసి తుక్కు కింద తీసుకుపోయారు.

సాయంత్రం నాలుగింటికి ఇటలీ వైపు ఆకాశం నల్లబడింది. మేం బస్సులో ఉండగానే ఉరుములు, ఆ వెంటనే వాన. మరీనాలో జనం పడవల మీద టార్పాలిన్లు లాక్కుంటూ పరుగులు. నాన్న బాల్కనీలో నిలబడి వాటివైపు చూడలేదు, దక్షిణం వైపే చూస్తున్నాడు.

"నిన్న లాగారు కదరా? మడిలో ఏం మిగలలేదు కదా?"

"కొంత తీసుంటారు నాన్నా."

"చిక్కటి నీళ్ళు పక్కకి మళ్ళించుకోవాలి. తూము వేశారో లేదో." రాత్రి పది దాకా వాన. పడుకోబోయే ముందు ఇంకోసారి లేచి చూసి వచ్చాడు.

అయిదో రోజు

పొద్దున ఎండ. బస్సుకి టైముంది, చివరిసారి మరీనా చుట్టూ నడిచాం. ఆస్ట్రియా పెద్దాయన మళ్ళీ పడవ కడుగుతున్నాడు, వాన మరకలట. నాన్న నడవ అంచున కష్టపడి వంగి, నీళ్ళలో వేలు ముంచి నోట్లో పెట్టుకున్నాడు.

"మూడు, మూడున్నర డిగ్రీలు" అన్నాడు.

రైల్లో అమ్మకి వీడియో కాల్ చేశాం. ఉప్పు డబ్బాలు రెండూ కెమెరాకి చూపించాడు. అమ్మ ముందు అర్థంకాక, ఏంది, పంచదారా అంది. ఉప్పని చెప్పాక నవ్వు ఆపుకోలేకపోయింది. "చినగంజాం వాడు దేశాలు పోయి ఉప్పు కొనుక్కొచ్చాడని ఎవరితోనూ అనకయ్యా" అంది.

"నువ్వు మూత తీసి చూడు, అప్పుడు మాట్లాడు. ఒక్క మట్టి రేణువు ఉండదు" అని నాన్న, పెతోలా గురించి మొదట్నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు. సొరంగంలో సిగ్నలు పోయింది. ఆయన చూసుకోలేదు, చెబుతూనే ఉన్నాడు.